ఉప్పు చూడని మేస్త్రి

విశాఖపట్నం,
21 జులై 2024, ఆదివారం.

పెదనాన్నకి, దుర్గ రాస్తున్నది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు బాగున్నావని పెద్దమ్మ చెప్పింది కాబట్టి నమ్ముతున్నాను, నీ నోటితో మాత్రం వినలేదు. నేనొచ్చి పద్దెనిమిది రోజులైంది. ఎప్పుడు ఫోన్ చేసినా పెద్దమ్మే ఎత్తుతోంది. "మీ పెదనాన్న పడుకున్నాడే" అంటుంది, లేకపోతే "బజారుకి పోయాడే" అంటుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేని వంటమేస్త్రికి రోజూ బజారులో ఏం పని ఉంటుంది? నీకు కోపం వచ్చిందని నాకు అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరం వస్తే పడుకున్నావని చెప్పి తిప్పి పంపలేరు కదా.

బస్టాండులో నువ్వన్న మాట నాకింకా గుర్తుంది. "వంట నేర్చుకోటానికి కాలేజీ ఏందే? రేపు మంచినీళ్ళు తాగటానికి కూడా సర్టిఫికెట్టు ఇస్తారా?" అన్నావు. మన సామాను ఆటో రసూల్ బాబాయి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను కానీ బస్సెక్కాక ఏడుపొచ్చింది.

మాది కమ్యూనిటీ కాలేజీ. డిగ్రీ కాదు, ఏడాది డిప్లొమా. కలినరీ ఆర్ట్స్ అంటారు, అంటే వంట విద్యే. ఆరు నెలలు ఇక్కడ నేర్పి, ఆరు నెలలు హోటల్లో ట్రైనింగ్‌కి పంపుతారు. ముప్పైమందిలో ఆడపిల్లలం ఏడుగురం. తెల్లకోటు, నెత్తిన టోపీ, ఒక పెట్టె నిండా కత్తులు ఇచ్చారు. మొదటి వారమంతా ఉల్లిపాయలే. పదేళ్ళ వయసు నుంచి నీ వంట బ్యాచ్‌లో బస్తాలు బస్తాలు తరిగినదాన్ని కదా, అందరికంటే ముందు ముగించి చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా చెఫ్ చక్రధర్ సార్ స్కేలు పెట్టి ముక్కలు కొలిచి, "దీన్ని తరగడం అనరమ్మా, నరకడం అంటారు" అన్నారు.

ఆయనకి ఒక పిచ్చి ఉంది. గరిటె తిప్పినప్పుడల్లా రుచి చూడాలంటారు. అందరి జేబుల్లో చెంచాలే. నేను లేచి, మా పెదనాన్న వెయ్యిమందికి వండుతాడు, ఒక్క చుక్క నోట పెట్టడు, ఆవిరి వాసనతోనే ఉప్పు చెబుతాడు అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, నాకు గర్వంగానే ఉంది.

నాకు ఒకటే కోరిక పెదనాన్నా. అమ్మానాన్నా చిలకలూరిపేట మిల్లు షిఫ్టుల్లో పడి నన్ను నీ దగ్గర వదిలినప్పటి నుంచి నీ వంటే తిన్నాను. నువ్వు మాత్రం నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. సెగ అన్నావు, చున్నీ అంటుకుంటుందన్నావు. ఇంట్లో కూడా గరిటె నీదే. ఈ చదువు అయ్యాక నా చేత్తో వండి నీకు విస్తరి వేస్తాను. తిని, బాగుందో బాగాలేదో ఒక్కమాట చెప్పు. ఆ మాట కోసమే ఇంతదూరం వచ్చాను.

జవాబు రాస్తావని చూస్తూ,
దుర్గ

&nbsp;

నరసరావుపేట,
4 ఆగస్టు 2024.

అమ్మాయి దుర్గకి, మీ పెదనాన్న దీవెనలు.

సరుకుల చీటీ తప్ప ఇంకేదీ రాసి ముప్పై ఏళ్ళయింది. తప్పులుంటే నీలో నువ్వు నవ్వుకో, మీ క్లాసులో చదవమాక.

నాకు కోపం లేదు. పళ్ళు పీకించుకున్నాను. కింద వరస మొత్తం, పైన నాలుగు. మాట ముద్దగా వస్తోంది. ఫోన్లో వింటే ఎవడో తాగుబోతు అనుకుంటావని ఎత్తటం లేదు. మూఢం, ఆషాఢం కలిసొచ్చి పని లేదు కదా అని ఈ పని పెట్టుకున్నాను. పళ్ళసెట్టు కోసం రోజూ పొద్దున్నే రైలెక్కి గుంటూరు పోయి వస్తున్నా. శ్రావణం పెళ్ళిళ్ళు ఆనందరావుకి అప్పజెప్పాను. ఇరవై ఏళ్ళుగా నా పక్కన గరిటె తిప్పుతున్నవాడు, వాడు చూసుకుంటాడు.

మీ సారు చెంచా మాట విన్నాను. హోటలు వంట వేరు, పెళ్ళి వంట వేరు. మా గురువు గురజాల మేస్త్రి నాకు గరిటె ఇచ్చినప్పుడు ఒకటే చెప్పాడు. పెళ్ళివారి ఇలవేలుపుకి మొదటి విస్తరి వేసేదాకా వంట ఎవడి నోటా పడకూడదు. ఎంగిలి విస్తరి వేస్తే ఆ కాపురం నిలవదంటారు. ఉప్పు ఆవిరిలో తెలుస్తుంది. పొంగులో తెలుస్తుంది. ఉప్పు పడని పప్పు గలగలమంటుంది, పడ్డ పప్పు బొదబొదమంటుంది. మాచర్ల నుంచి వినుకొండ దాకా షావుకార్లు నన్ను ఏరికోరి పిలిచేది ఇందుకే. రుచిగా వండేవాళ్ళు చానామంది ఉన్నారు, ఎంగిలి చేయని మేస్త్రి ఒక్కడే అంటారు.

నువ్వు నా ఇంట్లో పెరిగినదానివి. చెంచా జేబులో పెట్టుకోమంటే పెట్టుకో, నోట్లో మాత్రం పెట్టుకోమాక.

పెద్దమ్మ నీకు కందిపొడి పంపుతానంటోంది. హాస్టల్లో పిల్లలందరికీ పంచకుండా దాచుకో.

మీ పెదనాన్న,
తిరుపతిరావు

&nbsp;

విశాఖపట్నం,
8 సెప్టెంబరు 2024.

పెదనాన్నకి,

కందిపొడి మూడు రోజుల్లో అయిపోయింది. నా గదిలో ఉండే మాధురిది వినుకొండ. వాళ్ళకి బజారులో కిరాణా కొట్టుంది. ఆ పిల్లే సగం తినేసింది. మన పక్క మనిషి కదా, ఏమీ అనలేకపోయాను.

పళ్ళసెట్టుకి ముప్పై మూడుసార్లు రమ్మన్నారని పెద్దమ్మ చెప్పింది. నేనూ మాధురీ కడుపుబ్బ నవ్వాం. పళ్ళు కడుతున్నారా, గుడి కడుతున్నారా? నీకు బంగారు పళ్ళేమైనా పెడుతున్నారేమో చూసుకో. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఈమధ్య ఆమెకి అన్నిటికీ కోపమే వస్తోంది.

ఇక అసలు సంగతి. మొన్న మొదటి ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. సాంబారు, వంకాయ కూర చెయ్యాలి. నువ్వు రాసినట్టే చేశాను. మూత తీసి ఆవిరి పీల్చాను. నువ్వెప్పుడూ చేసినట్టే ఎడమచేత్తో మీసం దగ్గర చెమట తుడుచుకున్నాను. వెనక ఎవడో "దుర్గా, నీకు మీసం ఎక్కడ?" అన్నాడు. చెవి పెట్టి విన్నాను. చిన్న గిన్నె, గ్యాసు పొయ్యి, గలగలా లేదు, బొదబొదా లేదు. చక్రధర్ సార్ చెంచాతో నోట్లో వేసుకుని నా మొహంలోకి చూశారు. సాంబారులో ఉప్పే లేదు. వంకాయలో రెండింతలు ఉంది. రుచి చూడనందుకు పదికి సున్నా వేశారు. "అమ్మా, మీ పెదనాన్న గొప్పవాడే అయ్యుండొచ్చు. నువ్వు నాలుక వాడకపోతే ఈ లైనులో ఎవరూ ఉద్యోగమివ్వరు" అన్నారు.

నేను ఆయన ముందు ఏడవలేదు. అప్పటి నుంచి రోజూ మెస్సులో పప్పు గిన్నె దగ్గర నిలబడి ఆవిరి పీలుస్తున్నాను. నాకు పప్పు వాసన తప్ప ఏమీ తెలియడం లేదు. నా ముక్కులోనే ఏదో లోపం ఉందేమో. నీకు ఎన్నాళ్ళకి తెలిసింది? మొదట ఏ వాసన వస్తుంది? వివరంగా రాయి. డిసెంబరులోగా నేర్చుకోకపోతే ఈ చదువు నాకు దక్కేట్టు లేదు.

దుర్గ

&nbsp;

నరసరావుపేట,
29 సెప్టెంబరు 2024.

దుర్గకి,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. రెండుసార్లు రాయటం మొదలుపెట్టి చించేశాను.

నీ ముక్కులో లోపం లేదు. అది అందరికీ పట్టుబడే విద్య కాదు. ఏళ్ళు పడుతుంది. నువ్వు ప్రస్తుతానికి మీ సారు చెప్పినట్టు చెయ్యి. చెంచాతో చూడు. ఎవరూ ఏమీ అనుకోరు. నేనూ అనుకోను.

ఇంకో సంగతి. కార్తీకంలో, నవంబరు పదిహేడున వినుకొండలో బట్టలకొట్టు షావుకారు గారి అమ్మాయి పెళ్ళి. ఆ ఇంట్లో మూడు పెళ్ళిళ్ళూ నేనే వండాను, ఇదీ నువ్వే చెయ్యాలి మేస్త్రీ అని ఇంటికొచ్చి అడిగారు. ఒప్పుకున్నాను. నువ్వు రెండు రోజులు సెలవు పెట్టి రా. తరగక్కర్లేదు, కడగక్కర్లేదు. పొయ్యి దగ్గర నా పక్కన నిలబడితే చాలు. ఈ ఒక్క పెళ్ళికి రా.

రావటం పోవటం టికెట్లు రసూల్ తీస్తాడు.

తిరుపతిరావు

&nbsp;

విశాఖపట్నం,
13 అక్టోబరు 2024.

పెదనాన్నకి,

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. ఉన్నమాట రాస్తున్నాను, కోపం తెచ్చుకున్నా సరే.

ఆవిరి విద్య అడిగితే చెంచా వాడుకో అన్నావు. అంటే నేను నీ బ్యాచ్ మనిషిని కానని తేల్చేశావు. ఇది వేరే దారి పట్టింది, దీనికి చెప్పి ఏం లాభం అనుకున్నావు. ఆ వెంటనే పెళ్ళికి రా, పక్కన నిలబడు అన్నావు. నిలబడి ఏం చెయ్యాలి? ఇన్నేళ్ళూ దూరం నుంచి చేసింది అదే కదా.

ఆ వారమే మాకు హోటళ్ళవాళ్ళు వచ్చి ట్రైనింగ్‌కి మనుషుల్ని ఎంచుకుంటారు. ఇది తప్పితే ఇంకో అవకాశం లేదు. మా సీనియర్లు చెబుతుంటే వింటున్నాను. డిప్లొమా వాళ్ళని పెద్ద హోటళ్ళు కమీ అని అన్నిటికంటే కింద మెట్టు మీద పెడతాయట. పద్నాలుగు గంటలు నిలబడాలి. డిగ్రీ చదివినవాళ్ళని ముందు చూస్తారు, ఆడపిల్లల్ని కేకులూ బిస్కట్ల వైపు తోసేస్తారు. ఓడల్లో వంటకి పోయిన ఒకన్న బాగా సంపాదిస్తున్నాడు కానీ ఏడాదికి తొమ్మిది నెలలు నేల చూడడు. ఆసుపత్రి క్యాంటీన్లు, రైళ్ళు, కాలేజీ మెస్సులు, ఇవీ ఉన్నాయి. సున్నా వచ్చిన పరీక్ష తర్వాత నేను ఒక్కసారి కూడా చెంచా మరిచిపోలేదు. మొన్న సార్ నా పులుసు రుచి చూసి ఇంకో చెంచా తీసుకున్నారు. పొయ్యి దగ్గర పనికి నా పేరు రాస్తామన్నారు, కేకుల వైపు కాదు. ఇప్పుడు సెలవంటే ఆ పేరు కొట్టేస్తారు.

అయినా నీకు నాతో ఏం పని? నువ్వు ఆవిరితోనే చెబుతావు, ఎవరి నాలుకా అక్కర్లేదు. ఆనందరావు బాబాయి ఉన్నాడు. నేను రాను.

దుర్గ

&nbsp;

నరసరావుపేట,
26 నవంబరు 2024.

దుర్గకి,

పెళ్ళి జరిగింది. అంతా బాగానే అయింది.

నిన్ను పొయ్యి పనికే తీసుకున్నారని పెద్దమ్మ చెప్పింది. సంతోషం. చేతికి సెగ తగలకుండా చూసుకో.

బ్యాచ్ ఆనందరావుకి ఇచ్చేశాను. డేగిసాలు, గాడిపొయ్యి ఊచలు, పెద్ద మూకుళ్ళు అన్నీ రసూల్ ఆటోలో వాడింటికి చేర్చాడు. మోకాళ్ళు నిలబడనివ్వటం లేదు. ఎన్నాళ్ళని చేస్తాం.

నువ్వు చదువు మీద ధ్యాస పెట్టు. ఊరికే ఉత్తరాలు రాయమాక.

తిరుపతిరావు

&nbsp;

విశాఖపట్నం,
19 జనవరి 2025.

పెదనాన్నకి,

రాయొద్దన్నావు. రెండు నెలలు రాయలేదు. పండక్కి రాలేదు, ట్రైనింగ్‌లో చేరిన పదిరోజులకి సెలవెవరిస్తారు? పెళ్ళికి రాలేదని నువ్వు నా మీద ఇంత పెంచుకుంటావనుకోలేదు. నా మీది కోపంతో బ్యాచ్ కూడా వదిలేశావని నాకు తెలుసు. మోకాళ్ళంటే నమ్మడానికి నేనేం చిన్నపిల్లని కాదు. ఆరు అంతస్తుల షాదీఖానా మెట్లు డేగిసాతో ఎక్కినవాడివి.

ఇప్పుడు రాస్తున్నది వేరే విషయం. నిన్న మాధురితో పోట్లాడాను. బట్టల సబ్బు దగ్గర మొదలై మాటా మాటా పెరిగింది. "పెద్ద నీ పెదనాన్న, మా వినుకొండలో పంక్తికి పంక్తి లేచిపోయింది, తెలుసా?" అంది. ఆ పెళ్ళికి వాళ్ళూ వెళ్ళారట. పప్పు, కూర, పులుసు, ఏదీ నోట పెట్టలేనంత ఉప్పుందట. పెళ్ళికూతురి తాత విస్తరి మడిచి లేచాడట. పెరుగన్నంతో ఆరొందల మందిని సాగనంపారట. నేను బాధపడతానని ఇన్నాళ్ళూ చెప్పలేదంది.

అబద్ధమన్నాను. మా పెదనాన్న నలభై ఏళ్ళలో ఒక్క వంట చెడగొట్టలేదన్నాను. ఆమె తన తల్లి మీద ఒట్టేసింది. ఇప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇది ఆనందరావు బాబాయి పని కదా? శ్రావణంలో నువ్వు లేనప్పుడు తలకి పొగరెక్కి ఉంటుంది. నువ్వు చూడకుండా ఉప్పు వేసుంటాడు. అతను చేసిన తప్పుకి నువ్వు తలవంచుకుని, చివరికి డేగిసాలు కూడా అతనికే ఇచ్చావా? నిజం రాయి. నేను బాబాయికి ఫోన్ చేసి నాలుగు మాటలు అడుగుతాను.

దుర్గ

&nbsp;

నరసరావుపేట,
2 ఫిబ్రవరి 2025.

దుర్గకి,

ఆనందరావుని ఏమీ అనమాక. ఫోన్ చేయమాక. ఉప్పు వేసింది నేను. మొదట రెండు దోసిళ్ళు వేశాను. అది చాలలేదనుకుని మళ్ళీ రెండు వేశాను. వాడు నా చెయ్యి పట్టుకుని "అన్నా, వేశావు గదా" అన్నాడు. "నాకు నేర్పుతున్నావేందిరా?" అన్నాను నలుగురిలో. వాడు చెయ్యి తీసేశాడు. రుచి చూసి చెబుదామంటే నా బ్యాచ్‌లో ఎవడూ నోట పెట్టకూడదు. మొదటి విస్తరి ఇలవేలుపుకి వేశారు. దేవుడు ఎప్పుడూ ఏమీ అనడు కదా. తర్వాత పంక్తి కూర్చుంది. మిగతాది ఆ పిల్ల నీకు చెప్పింది. ఆమె చెప్పింది నిజం. పోయి ఆమెతో మాట్లాడు.

ఇది చదివేటప్పుడు ఎక్కడైనా కూర్చో.

నేను గుంటూరు పోయింది పళ్ళసెట్టుకి కాదు. నాలుక మీద పుండు లేచింది. జర్దా కిళ్ళీ లేకపోతే పొయ్యి ముందు నిలబడలేనని మీ పెద్దమ్మతో ఎన్నిసార్లు పోట్లాడానో నీకు తెలుసు. ఆ కిళ్ళీ ఇచ్చిన జబ్బే. నువ్వు కాలేజీలో చేరిన వారానికి తేలింది. ముప్పై మూడుసార్లు కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారు దాన్ని. దానికి ముందు పళ్ళు తీసేయాలంటే తీశారు. చెబితే నువ్వు చదువు మానేసి వస్తావని చెప్పలేదు. మీ అమ్మానాన్నలకి కూడా తెలియదు. పెద్దమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆమె కోపం అంతా అదే.

పుండు మానింది. కానీ కరెంటు తర్వాత నాలుకకి ఏదీ తెలియటం లేదు. అన్నం, మజ్జిగ, మామిడికాయ పచ్చడి, అన్నీ ఒకటే. మట్టి తిన్నట్టుంటుంది. ఏడాదిలోగా రుచి తిరిగొచ్చినా రావచ్చని డాక్టరు అన్నాడు.

రుచి చూడని మేస్త్రికి నాలుక పోతే ఏం, ఆవిరి ఉంది కదా అనుకుంటావు. నువ్వు రాసిందీ అదే.

ఆవిరిలో ఏమీ తెలియదు దుర్గా. ఎవరికీ తెలియదు. గురజాల మేస్త్రి చెబితే నేను కూడా నీలాగే ఏడాదిపాటు డేగిసాల మీదకి వంగి ఆవిరి పీల్చాను. నాకే ఏదో లోపం ఉందనుకున్నాను. ఆ తర్వాత దొంగతనం నేర్చుకున్నాను. గరిటె దులిపేటప్పుడు ఒక చుక్క ఎడమచేతి వెనక పడనిచ్చి, మీసం తుడుచుకుంటున్నట్టు నాలుకకి తగిలించేవాణ్ణి. నువ్వు చెమట అనుకుని నేర్చుకున్నది అదే. నలభై ఏళ్ళు ప్రతి పెళ్ళిలో చేశాను. మీ పెద్దమ్మకి కూడా తెలియదు. మా గురువు ఎలా చూసేవాడో నాకు తెలియదు, ఆయనా ఏదో ఒకటి చేసే ఉంటాడు.

నీకు సున్నా వచ్చిందని రాసినప్పుడు ఈ నాలుగు ముక్కలు రాసుంటే సరిపోయేది. నీ ముక్కులో లోపం ఉందేమో అని రాశావు చూడు, అది చదివి నాకు అన్నం సయించలేదు. కానీ ఊళ్ళో తల ఎత్తుకు తిరిగింది ఆ ఒక్క పేరుతోనే. అది అబద్ధమని పెంచుకున్న పిల్లకి ఎట్టా రాయను? వినుకొండ పెళ్ళికి రమ్మన్నది తరగటానికి కాదు. నువ్వు ఒక చుక్క నోట్లో వేసుకుని, నాకేసి చూసి తల ఊపితే చాలనుకున్నాను. నీకు చెంచా అలవాటైంది కదా, ఆ ఎంగిలి నేను భరిస్తాననుకున్నాను. అది అడగాలంటే ముందు ఇదంతా చెప్పుకోవాలి. చెప్పుకోలేక పక్కన నిలబడమని రాశాను. నువ్వు రాకపోవటంలో నీ తప్పేమీ లేదు.

నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. ఇది మాత్రం అబద్ధం కాదు.

మీ పెదనాన్న

&nbsp;

విశాఖపట్నం,
11 ఫిబ్రవరి 2025.

పెదనాన్నా,

పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఇద్దరం ఏడ్చుకున్నాం. నువ్వు పక్కనే ఉన్నావని తెలుసు. నీ దగ్గు వినపడింది.

నీ జబ్బుకి ఏడుపొచ్చింది, నీ అబద్ధానికి కోపమొచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. మెస్సులో పప్పు గిన్నె దగ్గర మూడు నెలలు నిలబడ్డాను. వంటామె నాకు ఆకలనుకుని రోజూ ఒక ముద్ద ఎక్కువ వేసేది. నేను పనికిరానిదాన్నని ఎన్ని రాత్రులు అనుకున్నానో నీకేం తెలుసు? కానీ నేను రాసిన మాట గుర్తొస్తే నా కోపం నిలవడం లేదు. ఎవరి నాలుకా అక్కర్లేదు కదా, నేను రాను అని రాశాను. అది చదువుతూ నువ్వు ఎలా కూర్చుని ఉంటావో అని పదేపదే తలుచుకుంటున్నాను.

మాధురితో మాట్లాడాను. తప్పు నాదే అన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మార్చి ఒకటి, రెండు తేదీలు సెలవిచ్చారు. వస్తున్నాను. వంట నేనే చేస్తాను. నీకు తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియలేదని చెప్పు. ఏడాదిలోగా రుచి వస్తుందని డాక్టరు అన్నాడు కాబట్టి నేను ఎదురుచూస్తాను. మూడు నెలలకోసారి వచ్చి వండుతూనే ఉంటాను. ఎప్పటికైనా ఆ మాట నీ నోటితోనే వినాలి.

ఇక్కడ ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఇస్తామంటున్నారు. నాకు మాత్రం నరసరావుపేట వచ్చి బ్యాచ్ మళ్ళీ కట్టాలని ఉంది. చెంచాలు బయటికి కనపడేలా పెట్టి వండుదాం.

దుర్గ

&nbsp;

నరసరావుపేట,
16 మార్చి 2025.

దుర్గకి, మీ పెదనాన్న దీవెనలు.

నువ్వు వెళ్ళాక పెద్దమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మిగిలిన గుత్తివంకాయే తిన్నాం. పక్కింటి హజ్రా బీకి గిన్నెలో పెట్టి పంపితే, ఖాళీ గిన్నె తెచ్చిస్తూ "తిరుపతన్నా, పిల్ల నిన్ను మించిపోయింది" అంది. ఆనందరావు వచ్చి పులుసు తాగి, "అన్నా, ఈ చెయ్యి ఇన్నాళ్ళూ ఉల్లిపాయలకి పెట్టావేందన్నా?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

నువ్వు విస్తరి వేసి ఎదురుగా కూర్చున్నావు. నేను నాలుగు ముద్దలు తిని, "ఈమధ్య కొంచెం కొంచెం తెలుస్తోందే. బాగుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది" అన్నాను. నువ్వు లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చావు. బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉన్నావు.

నాకేమీ తెలియలేదు దుర్గా. వేడిగా ఉందని తెలిసింది, వంకాయ మెత్తగా ఉడికిందని తెలిసింది. అంతే. నీ మొహం చూసి నోరు ఆగలేదు. ఒక అబద్ధం నలభై ఏళ్ళు మోశాను. నువ్వు అడిగిన ఒకే ఒక్క మాట కూడా అబద్ధంగా ఇచ్చి పంపితే నాకు నిద్ర పట్టదు. అందుకని రాస్తున్నాను.

మొన్న గుంటూరులో మళ్ళీ చూశారు. జబ్బు తిరగబెట్టింది. ఈ నెల ఇరవై నాలుగున ఆపరేషన్. నాలుక తీసేస్తారట. ఆ తర్వాత ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోస్తారు. డాక్టరు మంచివాడు, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. రుచి తిరిగొస్తుందని నువ్వు ఎదురుచూడటం ఇక అక్కర్లేదు. ఆపరేషన్‌కి రావాలనుకుంటే రా, వద్దనను. పెద్దమ్మకి తోడుంటుంది. కానీ ఉద్యోగం వదిలి మాత్రం రావద్దు. కింద మెట్టయినా సరే, అక్కడే నిలబడు. నువ్వు వండింది రుచి చూసి, ఉన్నదున్నట్టు మొహాన చెప్పేవాళ్ళు అక్కడున్నారు. మీ చక్రధర్ సారుకి నా నమస్కారాలు చెప్పు. నీకు సున్నా వేసి మేలు చేశాడు.

ఒక్కటే బాధగా ఉంది. పదేళ్ళ పిల్లవి మా ఇంటికొచ్చావు. తొమ్మిదేళ్ళు నా పక్కనే ఉన్నావు. అన్నేళ్ళూ నా నాలుక సవ్యంగా ఉంది. వెయ్యిమంది పులుసులో చిటికెడు ఉప్పు తగ్గినా దానికి తెలిసేది. ఒక్కపూట, ఇంట్లోనైనా సరే, ఇదిగో ఈరోజు నువ్వు వండు అని గరిటె నీ చేతికి ఇచ్చి ఉంటే చాలు. నాకు ఆ ఆలోచనే రాలేదు. హజ్రా బీకి తెలుసు, ఆనందరావుకి తెలుసు, మీ హోటల్లో ముక్కూమొహం తెలియని వాళ్ళకి కూడా తెలుసు. నీ చేతి వంట ఎలా ఉంటుందో నాకొక్కడికే తెలియదు తల్లీ.

మీ పెదనాన్న,
తిరుపతిరావు